మిషను ఎందుకు మార్చానంటే

శుక్రవారం

గాలివానల దొరసానికి నీ ఇంటాయన వ్రాయునది.

ఇక్కడ నేనూ మామయ్యా కులాసా. ఆ కొండకొమ్మున నువ్వూ, నీ గాలి కొలిచే గిన్నెలూ కులాసాగా తిరుగుతున్నారని తలుస్తాను. పైన ‘కులాసా’ అన్న మాట ఒకసారి కొట్టేసి మళ్ళీ రాయడం నీకు కనబడే ఉంటుంది. కాగితం మార్చి శుభ్రంగా రాద్దామనుకున్నాను గాని, మళ్ళీ అదే పని చేస్తానని తెలిసి మానేశాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. వచ్చే గురువారం సరుకుల బండి మళ్ళీ మీ కొండెక్కుతుందట కదా, బుధవారం సాయంత్రంలోగా దీన్ని పోస్టాఫీసులో పడెయ్యాలి. అంటే అయిదు రోజులు చేతిలో ఉన్నాయి. ఈలోగా ఎలాగో ధైర్యం కూడదీసుకోవాలి.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. స్నానాలగది కిటికీ గడియ బాగుచేశానా అన్నావు. తీగ చుట్టి కట్టాను. దాన్ని నువ్వు బాగుచెయ్యడం అనవని తెలుసు, కాని కిటికీ మాత్రం మూసుకుంటోంది. నా దగ్గు తగ్గింది. కుండీల్లో మూడు మొక్కలు బతికాయి, నాలుగోదాని గురించి అడక్కు. మా సెక్షనులో తడిసిన పుస్తకాల పని ఇంకా తెమల్లేదు. లైబ్రరీ కింది అంతస్తులో పైపు పగిలి నానిపోయిన పాత రిజిస్టర్లన్నీ మా బైండింగు గదికే చేరాయి. ఆకుకీ ఆకుకీ మధ్య అద్దుడు కాగితం పెట్టడం, ప్రెస్సులో బిగించడం, విప్పడం, మళ్ళీ పెట్టడం. ఇంటికొచ్చేసరికి నా చొక్కా కూడా తడికాగితం వాసనే కొడుతోంది.

ఇంకా మూడు ప్రశ్నలు మిగిలాయి. మామయ్య కుడిచేత్తో రబ్బరు బంతి నొక్కుతున్నారా? ఈ నెల నీ ఫోను వచ్చినప్పుడు ఆయన ‘అదే’ అని కూడా ఎందుకనలేదు? ఉన్న కాఫీ మిషనుకి ఏమొచ్చిందని కొత్తది కొందామని రాశాను? మూడోదాని కింద నువ్వు రెండు గీతలు గీసి, “ఏదో దాస్తున్నావు, రాయి” అని పక్కన చేర్చావు. మబ్బు చూసి వాన చెప్పడం నీ ఉద్యోగం, ఒప్పుకుంటాను. ఆ ఉద్యోగం నా మీద కూడా చేస్తే ఎలా?

మూడింటికీ జవాబు ఒకటే. అందుకే ఎక్కడ మొదలెట్టాలో తోచక ఇంతసేపూ కిటికీలూ కుండీలూ అంటూ కూర్చున్నాను.

మంచి సంగతితో మొదలుపెడతాను. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పడిపోయాక మీ నాన్నగారికి మిగిలిన మాట ‘అదే’ ఒక్కటే కదా. ఆకలేస్తే అదే, కోపమొస్తే అదే, నీ ఫొటో చూసినా అదే. నువ్వు వెళ్ళిన రెండో వారంలో ఒకరోజు నేను కాఫీ పెడుతుంటే వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. మన మిషను ఎంత గోల చేస్తుందో నీకు తెలుసు. ఆ చప్పుడుకి ఆయన మొహం చిట్లించి, తల వంచి, మిషను పక్కన చెవి పెట్టి విన్నారు. డాక్టరు రోగి గుండె వింటాడే, అలా. తర్వాత నన్ను భుజంతో పక్కకి తోసేశారు. గట్టిగానే తోశారు.

ముప్ఫై ఏళ్ళపైన రంగుల మిల్లులో బాయిలరు నడిపిన మనిషి. నీళ్ళూ, నిప్పూ, ఆవిరీ ఆయన ఇంటి మనుషులు. నేను ఆ బొమ్మంత మిషను మీద మీట నొక్కి, పడిందేదో కప్పులో పట్టుకుని తాగుతున్నానని చూసి ఎంత బాధపడ్డారో గాని, మర్నాటి నుంచి పొద్దున్న ఏడింటికల్లా వంటింట్లో హాజరు. ఆవిరి గొట్టంలో నిలవ నీళ్ళు ముందు వదిలేయాలి. కప్పు వేడి చెయ్యాలి. పొడి గిన్నెని తడి లేకుండా తుడవాలి. ఇవన్నీ ఎడమచేత్తోనే. కుడిచెయ్యి గట్టు మీద పెట్టుకుని, ఆ చెయ్యి కూడా చూస్తూ నేర్చుకోవాలన్నట్టు పక్కనే ఉంచుకునేవారు. పొడి గిన్నెకుండే పిడి తిప్పి దాన్ని మిషనుకి బిగించడం మాత్రం నా పని. కాఫీ ధార నల్లగా మొదలై, తేనెరంగుకి తిరిగి, ఇంక పలచబడబోతుందనగా “అదే!” అనేవారు. నేను మీట ఆపేవాణ్ణి. ఒక్కరోజు కూడా ఆయన తప్పలేదు. ఆలస్యం చేస్తే నేనే తప్పేవాణ్ణి.

ఇలా నెలపైన గడిచింది. ఒక పొద్దున్న ధార రంగు తిరిగింది, ఆయన నోరు తెరిచారు.

“చాలు.”

నేను మీట ఆపలేదు. ఆపడం మర్చిపోయాను. కప్పు పొంగి గట్టంతా పారింది. “చాలు! చాలు!” అని ఆయన కేకలు. కేకలేస్తున్నారన్న సంగతి ఆయనకే తెలిసి నా మొహంలోకి చూశారు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ కాఫీలో చేతులు పెట్టి నిలబడ్డాం.

తర్వాత ‘వద్దు’ వచ్చింది. తర్వాత ‘ఇంకొంచెం’. తర్వాత, కష్టపడి, ‘ఆవిరి’. నీకు రాయకూడదనుకున్నాను. నెలకోసారి వచ్చే ఆ అయిదు నిమిషాల ఫోనులో నీ చెవినే పడాలని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. పోయిన నెల గాలివానకి నీ ఫోను రాలేదు. ఈ నెల వచ్చింది గాని, అప్పటికి చెప్పడానికి మాటలు లేవు.

నీకు రాసిన ఉత్తరంలో మిషను మార్చాలా వద్దా అని సలహా అడిగాను కదా. అడిగేనాటికే మార్చేశాను. కొత్త మిషను అప్పటికే గట్టు మీద కూర్చుని ఉంది. నీ చేత ఊఁ అనిపించుకుని, తర్వాత నీ మాట మీద కొన్నట్టు చెబుదామని నా ఎత్తు.

ఇవాళ్టికి ఇంతే రాయగలను. మామయ్యకి భోజనం పెట్టే వేళైంది.

శనివారం

పొద్దున్నే కూర్చున్నాను. మామయ్య ముందుగదిలో తన కుర్చీలో ఉన్నారు. కొత్త మిషను కాఫీ ఇచ్చాను, తాగారు. బాగుందో లేదో మొహంలో తెలియలేదు.

ఆ కొత్తదాని సంగతి చెబుతాను. మా సెక్షనులో కటింగు మిషను దగ్గర పనిచేసే ఆయన ఎప్పుడూ కాఫీ నురగ గురించే మాట్లాడతాడని చెప్పాను కదా, అందరం నురగాయన అంటాం. ఆయన ఎన్నాళ్ళ నుంచో పోరుతున్నాడు. “గురూ, ఇంకా ఆ బొమ్మ మిషనేనా? అది మొదట చేతులు కాల్చుకోడానికి కొనేది. అసలైంది కొను. మీట నొక్కితే గింజలు అదే పొడి చేస్తుంది, అదే బిగిస్తుంది, కాఫీ అదే పోస్తుంది. మనిషితో పనే లేదు.”

మనిషితో పనే లేదు అన్న మాట విని ఒకరోజు మధ్యాహ్నం పని మధ్యలో లేచి వెళ్ళి కొనేశాను. ఎందుకంటే అంతకు నాలుగు రోజుల ముందు మీ నాన్నగారి చెయ్యి కాలింది.

రాసేశాను. ఇక వరుసగా చెబుతాను, భయపడకుండా చదువు. చెయ్యి ఇప్పుడు మానింది. మణికట్టు నుంచి బొటనవేలి దాకా గులాబీరంగు కొత్తచర్మం వచ్చింది. వేళ్ళు కదులుతున్నాయి. బంతి మాత్రం ఈ నెల నొక్కించలేదు. నీ మొదటి ప్రశ్నకి జవాబు అది.

ఆరోజు మంగళవారం. కాఫీకి అంతా సిద్ధం చేసుకున్నాం. అంతలో లైబ్రరీ నుంచి ఫోను. ప్రెస్సులో పెట్టిన రిజిస్టర్లకి బూజు కనబడింది, ఏం చెయ్యాలి అని. “ఒక్క నిమిషం మామయ్యా” అని పక్కగదిలోకి వెళ్ళాను. ఒక్క నిమిషం నాలుగైదు నిమిషాలైంది. ఆయన నా కోసం చూసి చూసి, పిడి తనే ఎడమచేత్తో బిగించి మీట నొక్కారు. నాకు వినబడింది ఇనుము నేల మీద పడిన చప్పుడు. మనిషి అరుపు వినబడలేదు. అరవడానికి ఆయనకు మాట దొరకలేదు కాబోలు.

వెళ్ళేసరికి పిడి ఊడి కింద పడి ఉంది. మరిగే నీళ్ళూ పొడీ కలిసి గట్టు మీద పెట్టుకున్న కుడిచేతి మీద చిమ్మాయి. ఆయన ఆ చేతిని వెనక్కి తీసుకోలేదు. ఎవరిదో చెయ్యి అక్కడ మర్చిపోయి వెళ్ళినట్టు దానికేసి చూస్తూ, “అదే... అదే...” అంటున్నారు, మెల్లిగా. నేను లాగి పంపు కింద పెట్టాను. కంగారులో పంపు ఎటు తిప్పాలో మర్చిపోయాను. దాన్ని ఆయనే ఎడమచేత్తో తిప్పారు.

కింది వాటా నర్సమ్మ పరుగున వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం, కట్టు కట్టారు. రోజు విడిచి రోజు కట్టు మార్చింది ఆవిడే. మొదటిరోజే నన్ను మెట్ల మీదికి పిలిచి కడిగేసింది. “ఆ చేతికి వేడి తెలీదు బాబూ. మనం చురుక్కుమనగానే లాక్కుంటాం. ఆయన లాక్కోలేరు. మళ్ళీ ఆ మిషను దగ్గరికి పంపారో, మీదే పూచీ.”

నీకు చెప్పలేదు. అయిదు నిమిషాల ఫోనులో “మీ నాన్నకి జలుబు, గొంతు పోయింది” అని అబద్ధమాడాను. ఆయన పక్కనే కూర్చుని విన్నారు. నా వైపు చూడలేదు.

కొత్త మిషను వచ్చిన రోజు ఆయన్ని చెయ్యిపట్టి తీసుకెళ్ళి చూపించాను. “ఇక్కడ నొక్కండి మామయ్యా, చాలు.” నొక్కారు. కాఫీ పడింది. ఆయన మిషను పక్కకి చూశారు, వెనక్కి చూశారు, తను చెయ్యడానికి ఇంకా ఏమైనా ఉందేమో అని. ఏమీ లేదు. కప్పు నిండింది, దానంతటదే ఆగింది. కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు. మళ్ళీ వంటింటి గుమ్మం తొక్కలేదు. వచ్చిన నాలుగు మాటలూ పోయాయి. వాటి వెనకే ‘అదే’ కూడా పోయింది. మాటలు నేర్పే టీచరమ్మ పోయిన వారం అట్టముక్కల మీద బొమ్మలు చూపించీ చూపించీ అలిసిపోయి నన్నడిగింది.

“నెల్లాళ్ళ కిందట బాగా వస్తున్నాయండీ. ఇంట్లో ఏమైనా మారిందా?”

“కాఫీ మిషను మార్చామండీ” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నోటుబుక్కులో రాసుకుంది.

నర్సమ్మ మాట నిజం, టీచరమ్మ రాసుకున్నదీ నిజం. ఒకటి వింటే ఆయన చెయ్యి దక్కుతుంది, ఇంకోటి వింటే నోరు దక్కుతుంది. కొత్త మిషను నచ్చకపోతే వెనక్కివ్వడానికి కొట్టువాళ్ళు నెల గడువిచ్చారు. అది మంగళవారంతో తీరిపోతుంది. నీ జవాబు వచ్చేదాకా ఆగడానికి లేదు, తేల్చాల్సింది నేనే. నువ్వుంటే అరనిమిషంలో తేల్చేదానివి. నేను నెలరోజులుగా ఆ రెండు మిషన్ల మధ్యే తిరుగుతున్నాను. రాత్రి వేసిన తలుపు గడియ పొద్దున్న ఎవరు తీశారని భయపడి, నేనే తీశానని గుర్తు తెచ్చుకునేదాకా వచ్చాను.

ఇంకొకటుంది. ఇప్పటిదాకా రాసినదంతా దీన్ని తప్పించుకోడానికి రాసిందే.

పిడి ఊరికే ఊడలేదు. పొడి గిన్నె బిగిసే చోట లోపలి రబ్బరు వాషరు గట్టిపడి పాడైంది. అంతకు ముందు వారం రోజులుగా అంచు నుంచి నీటిచుక్కలు కారుతున్నాయి. మామయ్య చూశారు. నా చొక్కా చెయ్యి పట్టి లాగి, నా వేలు తీసి ఆ చుక్క కింద పెట్టి, “అదే! అదే!” అన్నారు. నాకు ఆఫీసుకి టైమైపోతోంది. గుడ్డ తీసి తుడిచేసి, “అయిపోయింది మామయ్యా” అన్నాను. మర్నాడు మళ్ళీ లాగారు. “చూస్తాను, చూస్తాను” అన్నాను.

మూడోరోజు పొద్దున్న నేను లేచేసరికి పిడికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. పుస్తకాల్లో గుర్తుకి కుట్టే రిబ్బను. నా సంచిలోంచి తీసి, ఎడమచేత్తో, పళ్ళతో ముడేశారు. ముడి తడిగా ఉంది. నేను చూసి నవ్వాను. “ఏంటి మామయ్యా, మిషనుకి సింగారమా?” అని విప్పేసి, కాఫీ పెట్టాను. ఆయన నన్నూ మిషన్నీ మార్చి మార్చి చూశారు, అంతే.

చదువుతూ ఇక్కడ ఆగే ఉంటావు. బాయిలరు గదిలో చెడిన వాల్వుకి ఎర్రగుడ్డ కడతారని, కట్టాక దాన్ని ఎవరూ ముట్టుకోరని, బాగుచేసినవాడే తన చేత్తో విప్పాలని, మన పెళ్ళైన కొత్తలో నువ్వే నాకు చెప్పావు. నాకు గుర్తొచ్చింది ఆస్పత్రి బెంచీ మీద. నేను విప్పాను కాబట్టి బాగుచేశాననుకున్నారు. ఆ నమ్మకంతోనే ఆ మంగళవారం ఒక్కరూ మీట నొక్కారు.

మాట లేని మనిషి నాకు అంత స్పష్టంగా చెప్పారు. నేను నవ్వి విప్పేశాను.

సోమవారం

నిన్న రాయలేదు. రాయడానికి తీరిక లేదు.

శనివారం ఆ ఉత్తరం ముక్క రాసి లేచి, పాత మిషన్ని గోతాంలో పెట్టి, పాతసామాను వాడికి ఇద్దామని వీధి తలుపు పక్కన పెట్టాను. అది కళ్ళబడకపోతే నెమ్మదిగా ఉంటుందనిపించింది. నిన్న పొద్దున్న చూస్తే గోతాం లేదు. నేల మీద ఈడ్చిన గీత ఉంది. ఆ గీత పట్టుకుని వెళితే మామయ్య గదిలో తేలాను. మంచం మీద కూర్చుని, గోతాం మీద కాలు పెట్టుకుని, ఎవడొస్తాడో రండి అన్నట్టు చూస్తున్నారు.

నేను వెళ్ళి దాన్ని ఎత్తబోయాను. “వద్దు” అన్నారు.

నెలరోజుల తర్వాత మొదటి మాట. నాకు ఇంకేమీ ఆలోచన రాలేదు. మిషన్ని తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను, నా పనిముట్ల సంచి తెచ్చాను. ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. ఆయన వేలు పెట్టిన మరల్లా నేను విప్పాను. తొందరపడితే నా చేతి మీద ఒకటిచ్చారు. రెండుసార్లు. లోపలి నుంచి వాషరు ఎండిన రొట్టె అంచులా ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ ముక్కల్ని వరుసగా పేర్చి నాకేసి చూశారు. నేను తల దించుకున్నాను.

కొత్త వాషరు కోసం ఇద్దరం బజారుకి వెళ్ళాం. ఆయన వీధి మొహం చూసి నెలైంది. పైపుల కొట్టులో లేదన్నారు, మిక్సీలూ కుక్కర్లూ బాగుచేసే కొట్టుకి వెళ్ళమన్నారు. అక్కడాయన ఒకటి తీసిచ్చాడు. మామయ్య గోటితో నొక్కి చూశారు. “వద్దు.” ఇంకోటిచ్చాడు. వంచి చూశారు. “వద్దు.” కొట్టాయన నాతో అన్నాడు.

“పెద్దాయనకి బాగా పట్టింపు సార్.”

“బాయిలరు నడిపినాయనండీ” అన్నాను.

అతను లోపలికి వెళ్ళి, వెనక గది నుంచి ఒక డబ్బా మొత్తం తెచ్చి గల్లా మీద ఆయన ముందు బోర్లించాడు. మామయ్య అక్కడే కుర్చీ వేయించుకుని ఏరుకున్నారు. అంత దర్జాగా ఆయన కూర్చోవడం నేను ఈ ఏడాదిలో చూడలేదు.

ఇంటికొచ్చి వాషరు బిగించాం. మరలు మళ్ళీ ఎక్కిస్తూ, ఆయన మొహం చూడకుండా చెప్పేశాను.

“మామయ్యా, ఆ రిబ్బను నేను బాగుచెయ్యకుండానే విప్పాను. మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. మీ చెయ్యి నా వల్లే కాలింది.”

ఆయన నా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసేసుకున్నారు. తర్వాత పెదాలు కదిలాయి. “చె...” అన్నారు. ఆగారు. మళ్ళీ “చె... ప్ప...” మెడ నరాలు ఉబ్బాయి. ‘చెప్పాను కదరా’ అంటారనుకున్నాను. అననీ, అది వినాల్సిందే అనుకున్నాను. మాట అందించకూడదని టీచరమ్మ హెచ్చరించింది గనక పళ్ళు బిగించి ఊరుకున్నాను.

“చెప్ప... లేక... పోయా.”

తప్పు తనదే అన్నట్టు అన్నారు. తను సరిగ్గా చెప్పలేకపోయినందుకే నాకు అర్థం కాలేదన్నట్టు. నేను బల్ల కింద పడని మర ఒకటి వెతుకుతూ కాసేపు కిందే ఉండిపోయాను. పైకి లేచేసరికి ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని, కానీ, కానీ అన్నట్టు ఊపుతున్నారు.

సాయంత్రం పొడి వెయ్యకుండా ఉత్త నీళ్ళతో నడిపించారు. నా సంచిలోంచి అద్దుడు కాగితం పీలికలు తీయించి అంచు చుట్టూ పెట్టించారు. మూడుసార్లు నడిపాం. మూడుసార్లూ పీలికలు పొడిగానే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూశాక గాని ఆయన ఊఁ అనలేదు. పిడి ఎక్కడిదాకా తిరగాలో అక్కడ మిషను ఒంటి మీద రంగుతో గీత పెట్టించారు. గీత దాటకపోతే మీట ముట్టుకోకూడదు. అది నాక్కూడా వర్తిస్తుందని వేలు చూపించి మరీ చెప్పారు.

ఇవాళ మధ్యాహ్నం ఆఫీసులో అట్టలకి అంటించే దళసరి గుడ్డతో ఆయన కుడిచేతికి మోచేతిదాకా వచ్చే తొడుగు కుట్టాను. లోపల రెండు వరసలు మెత్తటి ఉన్ని. నురగాయన చూసి, “ఇదేం పుస్తకం గురూ?” అన్నాడు. సంగతంతా చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. ఆయన ఇంకేమీ హాస్యమాడకుండా దారం పట్టుకున్నాడు.

బుధవారం

నిన్న కొట్టువాళ్ళ మనిషి వచ్చి కొత్త మిషన్ని పట్టుకెళ్ళాడు.

“ఏం సార్, పాడైందా?”

“లేదు, బాగా పనిచేస్తోంది.”

“మరెందుకు ఇచ్చేస్తున్నారు?”

“మా ఇంట్లో కాఫీ పెట్టడానికి మనిషున్నాడు” అన్నాను.

అన్నాను గాని, అతను పెట్టె ఎత్తుకుని మెట్లు దిగుతుంటే నిలవలేకపోయాను. పిలిచి ఆపుదామని రెండు మెట్లు దిగాను కూడా. కింద నర్సమ్మ తలుపు తీసుకుని చూస్తోంది. తొడుగు చూపించాను, వాషరు సంగతి చెప్పాను, గీత సంగతి చెప్పాను. తొడుగులో తన చెయ్యి పెట్టి చూసుకుంది. “నేను ఒప్పుకున్నానని మాత్రం ఎవరితో చెప్పకండి” అని తలుపేసుకుంది.

చేసింది మంచో చెడో నాకు తెలియదు. మళ్ళీ ఏదైనా జరిగితే నీకు మొహం చూపించలేను. నీ తండ్రి చెయ్యి నా నిర్లక్ష్యం వల్ల కాలింది, నెలరోజులు నీ దగ్గర దాచాను. దీన్ని ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాలేదు, రాయకూడదు కూడా. కోపమొస్తే మొత్తం రాయి, పేజీలు పట్టినా సరే. ఏమీ రాయకుండా మాత్రం బండి వెనక్కి పంపకు.

ఇవాళ పొద్దున్న సంగతి చెప్పి ముగిస్తాను. ఏడింటికి వంటింట్లో చప్పుడైతే వెళ్ళాను. మామయ్య తొడుగు వేసుకుని మిషను ముందు నిలబడి ఉన్నారు. పిడి ఆయనే బిగించారు, గీత దాటింది. నేను పక్కకి వెళ్ళి నిలబడి, ఆయన చేతికి అడ్డంగా నా చెయ్యి పెట్టాను. ఆయన ఆ చేతిని చూశారు, నన్ను చూశారు.

“పో” అన్నారు.

“ఇక్కడే ఉంటాను మామయ్యా, ఏమీ మాట్లాడను.”

“పో.”

గుమ్మం బయటికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. తలుపు తీసే ఉంది. లోపలికి చూడకూడదని ఎదుటి గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటే చూస్తూ ఉన్నాను. మిషను గోల మొదలైంది. గోల సాగుతోంది, ఇంకా సాగుతోంది, ఎప్పుడూ ఇంతసేపు సాగలేదనిపించింది. ఒక కాలు గుమ్మంలో పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. టక్కున ఆగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

కాలు ఈడుస్తున్న చప్పుడు. మామయ్య గుమ్మంలోకి వచ్చారు. ఎడమచేతిలో కప్పు ఉంది. సాసరు నిండా ఒలికి, కప్పులో సగమే మిగిలింది. దాన్ని నా చేతిలో పెట్టి, నేను తాగేదాకా కదలకుండా అక్కడే నిలబడ్డారు. తాగాను.

ఇట్లు,
మామయ్య ఇంకా అల్లుడిగానే చూస్తున్న
నీ భర్త